కాళ్ల కింది కూడళ్లు

స్థలం తనఖా పెట్టుకుని అప్పిచ్చే ప్రతి బ్యాంకులోనూ ఒక రివాజు ఉంది. అప్పు కోరిన వారి దస్తావేజులు తీసుకుని, వెనకటి ముప్పయ్యేళ్ల లింకు పత్రాలు తిరగేసి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు తెప్పించి, వకీలుగారి చేత అభిప్రాయం రాయించుకున్న తరువాత గాని ఫైలు బల్ల మీద నుంచి కదలదు. ఇరవయ్యెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నేల మీద హక్కు ఎవరిదో తేల్చడానికి ఇంత తతంగం ఉంది గదా, ఆ నేల కింద ఏమేమి పోతున్నాయో, ఎంత లోతున పోతున్నాయో, ఏది దేన్ని దాటుతున్నదో చెప్పే కాగితం మాత్రం ఏ ఆఫీసులో అడిగినా దొరకదు. దొరికినా దాని మీద ఉన్నదొకటి, తవ్వితే కనిపించేదొకటి.

మన సంఘం సభ్యులు నివసించే ఊళ్లను తలచుకోండి. బెంగళూరు కావచ్చు, చెన్నై, పుణె, బరంపురం కావచ్చు. ఏ పాతికేళ్లు దాటిన వీధినైనా తీసుకుంటే ముందు మంచినీటి గొట్టం వచ్చింది, తరువాత మురుగునీటి లైను వచ్చింది. కరెంటు కేబులు, టెలిఫోను తీగె, ఆ తీగె అవసరం తీరిపోయాక దాని పక్కనే నలుగురైదుగురు వేర్వేరు కంపెనీల వారి ఆప్టికల్ ఫైబర్, ఇప్పుడు వంటింటికి గొట్టపు గ్యాసు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క శాఖ వారు, ఒక్కొక్క కాంట్రాక్టరు చేత వేయించినవి. ఉమ్మడి కుటుంబంలో అందరూ ఒకే గదిలో పడుకున్నట్టు అన్నీ ఆ ముప్పయి అడుగుల వెడల్పులోనే సర్దుకోవాలి. కుటుంబంలోనైతే ఎవరెక్కడ పడుకున్నారో పెద్దవారికి తెలుస్తుంది. ఇక్కడ పెద్దవారంటూ ఎవరూ లేరు.

పక్కపక్కన పడుకోవడం వరకు ఫరవా లేదు. ఒక లైను మరొక లైను పొట్టలోంచి దూసుకుపోతే? దీన్ని ఇంగ్లీషులో క్రాస్ బోర్ అంటారు. తెలుగులో స్థిరపడిన మాట నాకు కనిపించలేదు గనుక ఈ వ్యాసంలో 'అడ్డదూరుడు' అని రాస్తున్నాను. ఇంతకంటె ఇంపైన మాట పాఠకులెవరికైనా తడితే సంపాదకులకు తెలియజేయగలరు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా ఈ సంగతి మా కాలనీలోనే ఎదురుపడిన తరువాత ఊరికే ఉండలేక పుస్తకాలు తిరగేశాను, తెలిసిన ఇంజనీర్లను విసిగించాను. తెలుసుకున్నదంతా మన కుటుంబాల వారికి చెప్పదగినదనిపించింది.

పూర్వం గొట్టం వేయాలంటే వీధి పొడవునా గాడి తవ్వేవారు. జనం తిట్టుకునేవారు, పిల్లలు గుంటలో పడేవారు, వానొస్తే బురద. ఐతే ఒక మేలుండేది. తవ్వేవాడికి అడ్డమొచ్చినదేదో కంటికి కనిపించేది. గునపం తగిలితే ఆగేవాడు. 1971లో కాలిఫోర్నియాలో మార్టిన్ చెరింగ్టన్ అనే కాంట్రాక్టరు పజారో అనే నది అడుగున గ్యాసు గొట్టం దాటించడానికి, ఒడ్డు మీద నుంచి ఏటవాలుగా నేలలోకి రంధ్రం చేసి, నది కింద అడ్డంగా నడిపించి, అవతలి ఒడ్డున పైకి తేల్చాడు. నేటి అడ్డపు డ్రిల్లింగుకు అదే ఆది అంటారు. నదులకని పుట్టిన ఆ విద్య క్రమంగా వీధులకు దిగింది. మన ఊళ్లలో రోడ్డు పక్క ఒక చిన్న గుంట, దాని వెనుక పొడుగాటి ఇనుప కడ్డీలతో ఒక యంత్రం, నీళ్లలో కలిపిన బెంటొనైట్ మట్టి కారుతూ కనిపిస్తుందే, అదే ఇది. మొదట సన్నని దారి చేస్తారు. తరువాత వెనక్కు లాగుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తారు. ఆ లాగడంలోనే ప్లాస్టిక్ గొట్టాన్ని కూడా లోపలికి తీసుకుపోతారు. రోడ్డు పగలదు, ట్రాఫిక్కు ఆగదు. నిజంగా గొప్ప పద్ధతి. దీన్ని నిందించడం నా ఉద్దేశం కాదు.

ఐతే ఆ కడ్డీ కొసకు కళ్లు లేవు. డ్రిల్లు మొన వెనుక ఒక చిన్న ప్రసారిణి ఉంటుంది. పైన నడిచే మనిషి చేతిలోని పరికరం దాని సంకేతం అందుకుని, మొన ఇప్పుడు ఎక్కడుంది, ఎంత లోతున ఉంది అన్నది చెబుతుంది. ముందు ఏముందో మాత్రం అది చెప్పదు. కడ్డీ వెనుక ఉన్నది టన్నుల కొద్దీ బలం. మురుగు గొట్టాలు పాత కాలనీలలో ఎక్కువగా కాల్చిన మట్టితో చేసిన స్టోన్‌వేర్ పైపులే. అంత బలానికి అవి అప్పడాల పాటి. గొట్టం ఒక వైపు పగిలి, రెండో వైపు పగిలి, కడ్డీ అవతలికి పోయినా యంత్రం దగ్గరి మనిషికి చేతిలో తేడా తెలియకపోవచ్చు.

అన్ని లైన్లలోకీ మురుగు గొట్టానికే ఈ గతి ఎందుకు పడుతుందన్న అనుమానం నాకు మొదట వచ్చింది. కారణం తెలిశాక సబబుగానే తోచింది. మంచినీరు ఒత్తిడితో పోతుంది. గొట్టం పగిలితే ఆ క్షణమే నీళ్లు చిమ్మి అందరికీ తెలుస్తుంది. కరెంటు కేబులు తెగితే వీధి చీకటి. మురుగు మాత్రం వాలును బట్టి తనంతట తాను పారుతుంది. గొట్టంలో పై భాగమంతా ఎప్పుడూ ఖాళీయే. ఆ ఖాళీలోంచి ఇంకొక గొట్టం దూరినా కింద నీళ్లు పోతూనే ఉంటాయి. పైగా వాలు కోసం ఇంటి మురుగు గొట్టం ప్రహరీ దగ్గర రెండు మూడు అడుగుల లోతున మొదలై, వీధి లైనులో కలిసేసరికి ఐదారడుగులకు దిగుతుంది. గ్యాసు గొట్టాలు, కేబుళ్లు వేసే లోతు సరిగ్గా ఈ మధ్యలోనే. వీధి మధ్యన పోయే పెద్ద లైను సంగతి ఏదో ఒక పటంలో ఉండవచ్చు గాని, ఇంటింటి నుంచి వచ్చే ఈ చిన్న గొట్టాలు ఏ పటంలోనూ ఉండవు. ఆనాటి మేస్త్రీ ఎటు తోస్తే అటు వేసిపోయాడు.

ఇందులో దారుణమేమిటంటే, తప్పు జరిగిన రోజున ఏమీ జరగదు. నెలలు, ఏళ్లు గడుస్తాయి. అడ్డంగా ఉన్న గొట్టానికి గుడ్డపీలికలు, జుట్టు, నూనె జిడ్డు పట్టి ఒకనాడు మురుగు వెనక్కు తంతుంది. ఇంటివారు మనిషిని పిలుస్తారు. అతను పొడుగాటి స్ప్రింగు కడ్డీకి కత్తి బిగించి, మోటారుతో తిప్పుతూ లోపలికి దింపుతాడు. చెట్ల వేళ్లు కోయడానికి చేసిన కత్తి అది. ప్లాస్టిక్ గొట్టాన్ని కోయడం దానికి కష్టమేమీ కాదు. అడ్డంగా ఉన్నది కేబులైతే ఇంటర్నెట్టు పోతుంది. గ్యాసైతే, మురుగు గొట్టమే గ్యాసుకు రాచబాట. తిన్నగా ఇంట్లోకే.

ఇది ఊహ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషా పట్టణంలో 1976 ఆగస్టు 29న ఒక ఇల్లు పేలిపోయింది. ఇద్దరు చనిపోయారు, నలుగురు గాయపడ్డారు, పక్కనున్న రెండిళ్లు దెబ్బతిన్నాయి. దర్యాప్తు చేసిన వారిని నివ్వెరపరచిన సంగతి ఏమిటంటే ఆ ఇంటికి అసలు గ్యాసు కనెక్షనే లేదు! దాదాపు 39 అడుగుల దూరాన పోతున్న 2 అంగుళాల ప్లాస్టిక్ గ్యాసు గొట్టాన్ని, వేసేటప్పుడే, 6 అంగుళాల మురుగు గొట్టంలోంచి దూర్చి పట్టుకుపోయారు. తరువాత మురుగు శుభ్రం చేసే కత్తి తగిలి దానికి చిల్లు పడింది. గ్యాసు మురుగు గొట్టం వెంట నడిచి, తనతో ఏ సంబంధమూ లేని ఇంట్లో చేరింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి (గొట్టపు లైన్ల ప్రమాదాలు కూడా దాని పరిధిలోవే) దీని మీద నివేదిక ఇచ్చి, ఇటువంటివి ఇంకెక్కడెక్కడ ఉన్నాయో వెదకమన్నది. దాదాపు యాభై ఏళ్లయింది. ఇంకా వెదుకుతూనే ఉన్నారు.

మా ఇంట్లో సిలిండరే గదా, మాకేమిటి అనుకునే వారు కెనోషా సంగతి గుర్తుంచుకోవాలి.

గొట్టం గొట్టాన్ని పొడవనక్కర లేదు, ఆనుకున్నా చాలు అనడానికి మెక్సికో దేశంలోని గ్వాదలహారా నగరం సాక్ష్యం. అక్కడ 1992 ఏప్రిల్ 22న ఉదయం పది గంటలు దాటాక మురుగు కాలువలు ఒకదాని తరువాత ఒకటిగా పేలడం మొదలై గంటకు పైగా సాగింది. సుమారు 8 కిలోమీటర్ల వీధులు నిలువునా చీలిపోయాయి. అధికారిక లెక్కల్లోనే మృతులు రెండు వందలకు పైగా. పెట్రోలు తీసుకుపోయే ఉక్కు గొట్టానికి దగ్గరగా జింకు పూత పూసిన కొత్త నీటి గొట్టం వేశారు. తడి నేలలో రెండు వేర్వేరు లోహాలు చేరితే బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది. ఉక్కు తినేసుకుపోయి చిల్లుపడి, పెట్రోలు నేలలోకి, అక్కణ్ణుంచి మురుగులోకి చేరింది. దీనికి తోడు భూగర్భ రైలు మార్గం కోసం మురుగు కాలువను ఒకచోట కిందికి వంచి మళ్లీ పైకి లేపారు. ఆ వంపులో నీరు పోయింది గాని ఆవిరి పోలేక వెనక ఉండిపోయింది. అంతకు ముందు మూడు నాలుగు రోజులుగా జనం వాసన వస్తున్నదని మొత్తుకున్నారు. నీటివారు, చమురువారు, రైలువారు ఎవరి పని వారు చేశారు. మూడు పనులూ కలిసిన చోటు మాత్రం ఎవరి రిజిస్టరులోనూ లేదు. బ్యాంకులో దీన్ని రీకన్సిలియేషన్ లేని ఖాతా అంటాం. ఏ పద్దుకు ఆ పద్దు సరిగ్గానే ఉంటుంది. కలిపి చూస్తేనే తేడా బయటపడుతుంది.

ఇక మా కాలనీ సంగతి. బెంగళూరు దక్షిణాన 1980లలో ఏర్పడ్డ పాత కాలనీ, 41 ఇళ్లు. 2022 వానల్లో మా అడ్డరోడ్డులో పల్లంలో ఉన్న మూడిళ్ల స్నానాల గదుల్లోకి మురుగు ఎగదన్నింది. నీళ్ల జెట్టు లారీ వచ్చి కొట్టింది, తగ్గింది. మూడు వారాలకు మళ్లీ అదే కథ. వీధిలో కానుగ చెట్లు వరుసగా ఉన్నాయి గనుక వేళ్లు దూరాయని అందరూ తీర్మానించారు. మా సంఘం కార్యదర్శిగారు, కన్నడం వారు, చురుకైన మనిషి, కత్తి యంత్రం ఉన్న వారిని పిలిపించారు. వచ్చిన వారిలో అరవై దగ్గరపడ్డ ఒకాయన ముళబాగిలు వైపు తెలుగువాడు. బెంగళూరులో చీపురు పట్టిన, కాలువలు ఎత్తిన చేతులలో ఎన్నో తరాలుగా తెలుగు చేతులున్నాయన్నది మన సంఘాల సభలలో అంతగా వినిపించని మాట. పత్రికలో ఇలా రాయడం కూడా తక్కువే.

ఆయన ముందు కత్తి లేకుండా ఉత్త కడ్డీ దింపి రెండు మూడుసార్లు ఆడించాడు. చేయి ఆపి, నా వైపు చూశాడు.

"సార్, ఇది వేరు కాదు."

"మరేమిటి పెద్దాయనా?"

"వేరైతే కరుసుకుంటాది. పీకితే పోగులు పోగులుగా వస్తాది. ఇది వొంగతాది, మళ్లా నిలబడతాది. పైపు మాదిరి ఉండాది. నేను కత్తి ఎయ్యను సార్."

కార్యదర్శిగారికి ఆ మాట కన్నడంలో చెప్పాను. లారీకి గంటల లెక్కన డబ్బు పోతున్నది, వచ్చినపని కానివ్వండి అన్నారాయన. పెద్దాయన కడ్డీ పైకి లాగి, తుడిచి, పక్కన పెట్టి, చేంబరు అంచున కూర్చున్నాడు. "అది ఏందో తెలీకుండా ఎట్ల కోసేది సార్? మూత తీసిన చేంబరు కాడ వొంగి ఉండేది నేను గదా" అన్నాడు. గొంతు పెంచలేదు. దానితో వాదన ఆగింది.

మరునాడు కెమెరా తెప్పించాం. పొడుగాటి బిరుసు కేబులు కొసన చిన్న కెమెరా, చుట్టూ దీపాలు, పైన ఒక తెర. మేం పదిమందిమి గొడుగులు పట్టుకుని ఆ తెర చుట్టూ మూగాం. పద్నాలుగు అడుగులు పోయాక కనిపించింది. పగిలిన స్టోన్‌వేర్ పైపులోంచి ఆ వైపు నుంచి ఈ వైపుకు నారింజ రంగు ప్లాస్టిక్ గొట్టం, దానికి చిక్కుకుని వేలాడుతున్న గుడ్డపీలికలు. ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే రెండేళ్ల క్రితమే మా వీధిలో గ్యాసు లైను వేశారు. ఆప్టికల్ ఫైబర్ వేసే తొడుగు గొట్టాలూ నారింజ రంగులో వస్తాయి. గ్యాసుకు వాడే పాలిథిలీన్ గొట్టాలలో ఒక రకం పసుపు, ఇంకొక రకం నారింజ. రంగును బట్టి తేల్చడానికి లేదు.

గ్యాసు వారికి ఫోను చేస్తే గంటన్నరలో మనిషి వచ్చాడు, మెచ్చుకోవాలి. చేంబరులో గ్యాసు కొలిచే పరికరం దింపాడు, తన పటం చూశాడు, తెర మీది గొట్టం కొలత చూశాడు. మాది కాదు, మాది రోడ్డుకు అవతలి పక్క అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాం. ఇక అది ఎవరిదో తేలాలి. మా వీధిలో కేబుళ్లున్న మూడు కంపెనీలకూ రాశాం. ముగ్గురూ మాది కాదన్నారు. యంత్రం పెట్టకుండా, మనుషుల చేత మెల్లగా నాలుగున్నర అడుగులు తవ్వించి గొట్టాన్ని బయటపెట్టి, దాని మీది అచ్చు అక్షరాలు ఫొటో తీసి పంపిన తరువాత ఒక కంపెనీ కాంట్రాక్టరు రాత్రిపూట వచ్చి, చప్పుడు చేయకుండా దారి మార్చి వేసుకుపోయాడు. మురుగు గొట్టం ఆరడుగులు మార్చిన ఖర్చు, తవ్వకం, కెమెరా బాడుగ, అన్నీ మా సంఘం ఖాతాలోంచే. పరిహారం అడుగుతూ నేను రాసిన ఉత్తరాలు మూడు. జవాబు ఒకటి, అది కూడా అందినట్టు తెలిపేది మాత్రమే.

ఆ తరువాత 41 ఇళ్ల గొట్టాలలోనూ కెమెరా నడిపించాం. ఇంకొక ఇంట్లో ఇంకొక అడ్డదూరుడు దొరికింది. అది ఖాళీ తొడుగు గొట్టం, లోపల తీగె కూడా లేదు. ఆ ఇంటివారు ఆరేళ్లుగా ఏడాదికి రెండుసార్లు మురుగు తీయిస్తూ, వాస్తు దోషమేమోనని స్నానాల గది తలుపు కూడా మార్పించారు.

ఎక్కడ ఏముందో తెలుసుకునే మార్గాలు లేకపోలేదు. లోహపు గొట్టానికి, కేబులుకు ఒక పరికరంతో చిన్న ప్రవాహాన్ని ఎక్కించి, పైన ఇంకొక పరికరంతో దాని అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటూ నడిస్తే దారి, లోతు తెలుస్తాయి. ప్లాస్టిక్కు ఈ విద్య పనికిరాదు. అందుకే ప్లాస్టిక్ గొట్టం వేసేటప్పుడే పక్కన ఒక రాగి తీగె పడుకోబెట్టడం మంచి పద్ధతి. ఉత్త గొట్టమైతే లోపలికి చిన్న ప్రసారిణిని పంపి పైనుంచి వినవచ్చు. నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి బొమ్మ గీసే రాడారు కూడా ఉంది. పొడి ఇసుక నేలలో అది బాగా చూస్తుంది. తడిసిన బంకమట్టిలో, నల్లరేగడిలో తరంగాలు ఇంకిపోతాయి. పుణె, షోలాపూరు వైపు మనవారు ఇది గుర్తుంచుకోవాలి. ఎన్ని పరికరాలున్నా చివరికి కంటితో చూడడమే ఖాయం. దాటబోయే చోట నీటి జెట్టుతోనో గాలితోనో మట్టిని వదులు చేసి, పీల్చేసి, గొట్టానికి దెబ్బ తగలకుండా సన్నని గుంట చేసి చూస్తారు. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 2002లో ఈ సమాచారానికి నాలుగు తరగతులు పెట్టింది. కాగితం చూసి చెప్పింది అడుగు తరగతి, తవ్వి కంటితో చూసింది పై తరగతి. మా బ్యాంకులో జిరాక్సు కాపీకి, ఒరిజినలుకు ఉన్న తేడాయే ఇది.

నాకు అన్నిటికంటె సబబుగా తోచినది మాత్రం చాలా మామూలు పని. డ్రిల్లింగుకు ముందు ఆ దారిలోని మురుగు గొట్టాలన్నిటిలో ఒకసారి కెమెరా, పని ముగిశాక మళ్లీ ఒకసారి కెమెరా. రెండు చిత్రాలూ పక్కపక్కన పెడితే ఏది కొత్తగా వచ్చిందో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. రెండో కెమెరా నడిపించనిదే బిల్లు చెల్లించకూడదని కాంట్రాక్టులో ఒక్క వాక్యం ఉంటే చాలు. డబ్బు ఆపితే కదలని పని లేదన్నది నా వృత్తిలో నేను నేర్చిన పాఠం.

అమెరికాలో 2007 మే నుంచి దేశమంతటికీ 811 అనే ఒకే ఫోను నంబరు ఉంది. తవ్వేవారు దానికి చెబితే లైన్ల వారు వచ్చి నేల మీద రంగులు వేసి పోతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, టెలిఫోనుకు నారింజ, మంచినీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ. ఐతే అక్కడ కూడా ఇంటి మురుగు గొట్టం చాలాచోట్ల ఇంటివారి సొంతమే గనుక దానికి గుర్తు వేసే నాథుడుండడు. అందుచేత గ్యాసు కంపెనీలు మురుగు గొట్టంలో కత్తి దింపేముందు మాకు ఫోను చేయండి, మేం వచ్చి చూస్తాం అని ప్రచారం చేస్తున్నాయి.

మన దేశంలో 2023 మార్చి 22న ప్రధానమంత్రి చేతుల మీదుగా ఇటువంటి ఏర్పాటే మొదలయింది. 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే మొబైల్ యాప్. టెలికాం శాఖ, గుజరాత్‌లోని భాస్కరాచార్య అంతరిక్ష సంస్థ కలిసి తయారు చేశాయి. తవ్వబోయేవారు చోటు, తేదీ అందులో నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు సందేశం పోతుంది. వారు వచ్చి జాగ్రత్తలు చెప్పవచ్చు. అడ్డదిడ్డపు తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతున్నదని ప్రభుత్వమే ఆ సందర్భంలో చెప్పింది. ఏర్పాటు మంచిదే. కాని ఇందులో ఉన్నది సంస్థల లైన్లే. మీ ఇంటి గొట్టం, మా ఇంటి గొట్టం అందులో లేవు. అవి మనమే చూసుకోవాలి.

కాబట్టి ఇంటివారు చేయదగినవి ఒకటి రెండు చెబుతాను. వీధిలో డ్రిల్లింగు యంత్రం దిగిన రోజున ఎవరి కంపెనీ, ఏ తేదీ, రోడ్డుకు ఏ పక్క అన్నది రాసిపెట్టుకోండి. వీలైతే ఫొటో తీయండి. చేంబరు మూత తీసి మీ గొట్టం ఎటు పోతున్నదో వారి సూపర్‌వైజరుకు చూపించండి. పిలవకపోయినా వెళ్లి చూపించండి, మొహమాటం వద్దు. ఆ పని జరిగిన వీధిలో తరువాత ఎప్పుడైనా మురుగు అడ్డుపడితే, ముఖ్యంగా తీయించినా మళ్లీ మళ్లీ అడ్డుపడితే, కెమెరా లేకుండా కత్తి దింపనివ్వకండి. చేంబరులోకి మనిషిని దింపే మాటే వద్దు. తగిన రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు లైనులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా పాపం.

మురుగు తీస్తుండగా గాని తీశాక గాని స్నానాల గది జాలీలోంచి, కమోడులోంచి గ్యాసు వాసన వచ్చినా, నీళ్లు ఊరికే బుడగలెత్తినా ఆలోచించవద్దు. స్విచ్చి వేయవద్దు, వేసినది ఆర్పవద్దు, ఫ్యాను జోలికి పోవద్దు. తలుపులు తెరుచుకుంటూ అందరూ బయటికి వచ్చి, దూరం నుంచి గ్యాసు వారికీ, అగ్నిమాపక దళానికీ ఫోను చేయండి. గ్యాసు వారి అత్యవసర నంబరు బిల్లు మీదే ఉంటుంది, గోడ మీద రాసుకోవాలి. సిలిండరు వారికి 1906. గొట్టపు గ్యాసు గాలికంటె తేలిక, గాలిలో నూటికి ఐదు నుంచి పదిహేను పాళ్ల మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దానికి సహజంగా వాసన లేదు, మనకు తెలియడానికి కలుపుతారు. మట్టిలోంచి చాలా దూరం నడిచి వస్తే ఆ వాసనలో కొంత మట్టే పీల్చేస్తుంది. కాబట్టి వాసన కొద్దిగానే ఉంది గదా అని తేలికగా తీసుకోరాదు.

యానాం వైపు సభ్యులు ఈ పాటికి నగరం గ్రామాన్ని తలచుకుని ఉంటారు. తూర్పు గోదావరిలో 2014 జూన్ 27న అక్కడ గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన దుర్ఘటన మన జ్ఞాపకాలలోంచి పోయేది కాదు. అది పెద్ద రవాణా గొట్టం తుప్పుపట్టిపోయి జరిగినది. అడ్డదూరుడు కాదు. రెంటినీ కలపరాదు.

గొట్టపు గ్యాసు ఇంకా రాని ఊళ్లలో అంతకంటె పాత కూడలి ఒకటుంది. మంచినీటి గొట్టం మురుగు కాలువలోంచి దాటడం. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. వచ్చినంత సేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక సన్న చిల్లులోంచి నీరు బయటికే పోతుంది. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతూ బయటిది లోపలికి పీలుస్తుంది. మరునాడు ఉదయం మొదటి బిందెలో వచ్చేది అదే. నీటి గొట్టానికీ మురుగు గొట్టానికీ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలనీ, దాటక తప్పని చోట నీటి గొట్టం అర మీటరు పైనుంచి పోవాలనీ మన దేశపు ఇంజనీర్ల కరదీపికలోనే ఉంది. మీ కుళాయి గొట్టం చేంబరులోంచి గాని, కాలువ గోడలోంచి గాని పోతున్నదేమో ఈ ఆదివారం ఒకసారి వంగి చూడండి. దీనికి కెమెరా అక్కరలేదు.

మా కాలనీలో ఇప్పుడు ఇంటికొక కాగితం తయారు చేశాం. ప్రహరీ మూల నుంచి చేంబరు ఎన్ని అడుగులు, మురుగు గొట్టం ఎంత లోతు, నీటి గొట్టం, గ్యాసు గొట్టం, కరెంటు కేబులు ఎటు పోతున్నాయి, ఎవరు ఏ తేదీన వేశారు అన్నది టేపుతో కొలిచి రాశాం. ఒక ప్రతి సంఘం రిజిస్టరులో, ఒక ప్రతి ఇంటి దస్తావేజు వెనుక. ముళబాగిలు పెద్దాయనకు ఆ రోజు కూలితో పాటు ఒక శాలువా కప్పుదామని కార్యదర్శిగారే అన్నారు. ఆయన నవ్వి, శాలువా వద్దు సార్, ఈ కాగితం ఏదో మా మేస్త్రీకి కూడా ఒకటి ఇయ్యండి, మేమొచ్చినప్పుడు పనికొస్తాది అన్నాడు. ఇచ్చాం. ముప్పయ్యేడు ఇళ్లవి పూర్తయ్యాయి. మిగిలిన నాలుగిళ్ల వారు చేంబరు మూతల మీద ఖరీదైన టైల్సు పరిచేసుకున్నారు. వాటిని పగలగొట్టడానికి వారిని ఒప్పించే బాధ్యత నాకు అప్పగించారు.